తాత బారకి ఇరవై

విశాఖపట్నంలో నాకున్న పని ఒకటే. నూకరత్నం అనే పన్నెండేళ్ల పిల్ల, మాకిచ్చిన కథను వెనక్కి ఇచ్చేయమంది. వెళ్లి ఆ కథను మళ్లీ ఇమ్మని అడగాలి. అంతే. దానికి మూడు రోజులు పట్టింది.

నేను అనంతపురంలో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థలో లెక్కలు చూస్తాను. డబ్బు లెక్కలు కావు. ఒక కథ ఎన్ని పేజీలొస్తుంది, బొమ్మకు ఎంత చోటు వదలాలి, కాగితాన్ని ఎలా మడిస్తే తక్కువ వృథా అవుతుంది, ఇవి. ఎనిమిదో తరగతితో బడి మానేసి ప్రెస్సులో చేరాను. కాగితాలు మడుస్తూ నేర్చుకున్నదే నా చదువు. ఇప్పుడు నాకు యాభై ఒకటి. అచ్చుకు వెళ్లే ముందు ప్రతి పుస్తకంలోని అంకెలనూ సరిచూస్తాను. ఆ పని నాకెవరూ చెప్పలేదు. అంకె కనబడితే ఊరికే వదలబుద్ధి కాదు.

ఏటా పిల్లలు రాసిన కథల్లోంచి ఎనిమిదింటిని తీసి ఎనిమిది చిన్న పుస్తకాలు వేస్తాం. ఒక్కొక్కటి ముప్పై రెండు పేజీలు. నూకరత్నం కథ వాటిలో ఒకటి. మోకాళ్ల నొప్పులతో సముద్రం మీద వేట మానేసిన తాత, చేపలు దొరికే ఒక చోటు చెబుతాడు. అక్కడ లోతు ఇరవై బారలు. రెండు చేతులూ పక్కలకు చాపితే ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొసకు ఉండే పొడవు ఒక బార. పిల్ల ఒడ్డున కూర్చుని ఇరవై బారల గేలపు తాడు కొలిచి నాన్నకిస్తుంది. గేలం అడుగుకు చేరదు. నాన్న ఖాళీ తెప్పతో తిరిగొస్తాడు. మర్నాడు పిల్ల ఇరవయ్యారు బారలు కొలుస్తుంది. తాడు సరిపోతుంది, చేపలు పడతాయి.

అందులో నేను రెండు మార్పులు చేశాను. బార ఎంతో మా అనంతపురం పిల్లలకు తెలియదు కాబట్టి, బారకు ఆరడుగుల చొప్పున మీటర్లు చేశాను. ఇరవై బారలు ముప్పై ఆరున్నర మీటర్లయ్యాయి. ఇరవయ్యారు నలభై ఏడున్నర అయ్యాయి. రెండోది, కథ ముప్పై మూడు పేజీలొచ్చింది. ఒక పేజీ తీయాలి. తాత, మనవరాలు పక్కపక్కన నిలబడి చేతులు చాపే పేజీ తీసేశాను. ఆ పేజీలో ఏమీ జరగదనిపించింది.

అచ్చు నమూనా పంపిన పది రోజులకు ఉత్తరం వచ్చింది. రెండే వాక్యాలు. "ఇది నా కథ కాదు. నాది నాకిచ్చేయండి."

దువ్వాడ దగ్గర

అనకాపల్లి దాటాక ఎదురు సీట్లో ఒకాయన కూర్చున్నారు. స్టీల్‌ప్లాంటులో పని. వాళ్ల నాన్న కాలంలో గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. టిఫిన్ డబ్బా విప్పి నాకో దిబ్బరొట్టె ముక్క పెట్టారు. మందంగా, అంచులు కరకరలాడుతూ ఉంది. మా వైపు ఇంత మందాన రొట్టె వేస్తే లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఎంతసేపు కాల్చాలని అడిగితే, "మూత పెట్టేసి మర్చిపోవాలండి" అన్నారు. నేను నిమిషాలు అడిగాను. ఆయన నవ్వారు.

నా చేతిలోని నమూనా తీసుకుని ఆసాంతం చదివారు.

"బాగుందండి. ఈ పిల్ల తొందరపడి తక్కువ కొలిచేసింది. తర్వాత బుద్ధి తెచ్చుకుని సరిగ్గా కొలిచింది. మా అమ్మాయీ ఇంతేనండి, పరీక్షలో తెలిసిన లెక్కే తప్పు చేసొస్తుంది."

"అవునండీ" అన్నాను. అప్పటికి నాకూ కథ అలాగే అర్థమైంది.

దువ్వాడలో ఆయన దిగిపోయారు. కిటికీలోంచి ఎర్రటి దుమ్ము పట్టిన గూడ్సు బళ్లు కనబడ్డాయి. పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. యాభై ఎనిమిది.

పెందుర్తి

స్టేషన్ నుంచి పెందుర్తి వెళ్లాను. అక్కడ ఒక కాలనీలో సత్యవతి టీచర్ తన ఇంటి ముందు గదిని పిల్లల గ్రంథాలయం చేశారు. పదకొండు వందల పుస్తకాలున్నాయన్నారు. బీరువాకు ఎన్ని అరలు, అరకు ఎన్ని పుస్తకాలు అని చూసుకుంటే వెయ్యికి మించవు. నేను ఆ మాట అనలేదు. పిల్లల ఇళ్లలో ఉన్నవి కూడా కలిపి చెప్పారని తర్వాత తెలిసింది.

వేసవి సెలవుల్లో నూకరత్నం ఇక్కడ పిన్ని ఇంట్లో ఉంటుంది. ఈ గదిలో కూర్చునే కథ రాసింది. ఇక్కడ పిల్లలకో పద్ధతి ఉంది. రాసినవాళ్లు కథ చదువుతుంటే మిగతావాళ్లు నోరు మెదపకూడదు. చదివినవాళ్లు "అయిపోయింది" అన్నాకే ఏదైనా అడగాలి. అదీ అడగడమే. "ఇలా మార్చు" అనకూడదు. అన్నవాళ్లు గది ఊడవాలి.

"అయితే ఇప్పుడు నేను ఊడవాలా టీచర్?" అన్నాను.

"అదుగో, సీపురు ఆ తలుపెనకాలుంది" అన్నారామె. నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. "నవ్వులాటకి కాదండి. ఉత్తరం రాసిన కాడ్నించి ఆ పిల్ల నోటుబుక్కు ముట్టుకోనేదట. వాళ్లమ్మ ఫోన్‌లో సెప్పింది. పుస్తకం రాకపోతే పోయె. రాయడం మానేత్తాదేటోనని నా బెంగ."

నేను వెళ్లింది ఎనిమిదో పుస్తకం కోసం. ఆ మాట విన్నాక పుస్తకం సంగతి వెనక్కి పోయింది.

"ఏం నచ్చలేదో చెప్పిందా?"

"ఏటీ సెప్పదు. అడిగితే సంద్రంకేసి సూస్తాదట."

రాత్రి భోజనంలో చోడి అంబలి పెట్టారు. చోళ్లంటే మా రాగులే. మేము ముద్ద చేసి మింగుతాం. వీళ్లు పల్చగా తాగుతారు. గింజ అదే. మేము నమలం, వీళ్లూ నమలరు.

తగరపువలస బజారు

రెండో రోజు పొద్దున పెందుర్తి నుంచి తగరపువలస బస్సెక్కాను. నా దగ్గర ఒక ఉపాయం ఉంది. ముప్పై ఆరున్నర మీటర్ల తాడు కొని తీసుకెళ్లి, ఇదిగో నీ ఇరవై బారలు, కొలత మారింది గానీ తాడు మారలేదు అని పిల్లకు చూపించాలి.

బజారులో వలలూ తాళ్లూ అమ్మే కొట్టు దొరికింది. కొట్టాయన పొట్టి మనిషి. మీటరు బద్ద తీసుకుని నీలం తాడు కొలవడం మొదలుపెట్టి, సగంలో ఆగాడు.

"ముప్పయ్యారున్నరేటి మేడమ్? లెక్కగా ముప్పయ్యైదో నలబయ్యో తీసుకోండి."

"ఇరవై బారలు కావాలి. అందుకు."

"ఎవులి బారకి?"

"బార అంటే ఆరడుగులు కదా."

ఆయన బద్ద కింద పెట్టాడు. పక్కన వల బేరమాడుతున్న పొడుగాటి మనిషిని పిలిచాడు.

"బావా, ఒకసారి ఇటు రా. సేతులు సాపు."

ఇద్దరూ వీపులు ఆనించి చేతులు చాపారు. ఆ మనిషి చేతులు రెండు వైపులా అరచెయ్యంత మేర బయటికొచ్చాయి.

"సూసినారా? మా నాన్న కాలంలో తాడు బారల్లెక్కనే అమ్మీవోరు. కొనీవోళ్లు ఊళ్లో పొడుగు సేతులోణ్ని ఎంటబెట్టుకొచ్చీవోరు. మా నాన్న నాలాగే పొట్టి. ఆయన కొలిస్తే ఎవులూ ఒప్పుకునీవోరు కాదు. ఆ గొడవ పడలేకే ఈ బద్ద ఎట్టినాడు."

"ఇప్పటికీ నన్నే తెచ్చుకుంటారు మేడమ్, అలవాటు" అన్నాడు పొడుగాయన. "నాకో టీ ఇప్పిత్తారు."

నేను ఆయనకు టీ ఇప్పించాను, పన్నెండు రూపాయలు. తాడు సంచిలో వేసుకుని బయట బెంచీ మీద కూర్చుని కాగితం తీశాను. పిల్ల పొడవు నాకు తెలియదు. కానీ తాత ఇరవై బారలూ పిల్ల ఇరవయ్యారు బారలూ ఒకటే పొడవైతే? అప్పుడు పిల్ల తప్పు కొలవలేదు. తన చేతులతో సరిగ్గా ఇరవై కొలిచింది. చేతులే చిన్నవి. నేను రెండింటినీ ఆరడుగులతో గుణించి, సముద్రంలో ఉన్న ఒక్క చోటును రెండు లోతులు చేశాను. పైగా చేతులు చాపిన పేజీ తీసేశాను. రైల్లో ఆయన చదివింది ఆ కథనే. తొందరపడి తప్పు చేసిన పిల్ల కథ.

ఇన్నేళ్లలో నా గుణకారం తప్పలేదు. ఇప్పుడూ తప్పలేదు. తప్పంతా దేన్ని గుణించానన్న దగ్గర ఉంది.

పల్లె ఒడ్డు

భీమిలి దాటాక ఆటో ఇసుకలో ఆగిపోయింది. మిగతాది నడిచాను. ఒడ్డున నెత్తళ్లు, వేలంత చేపలు, ఎండబెట్టి ఉన్నాయి. దూరంగా రేవు వైపు వెళ్లడానికి వంతు కోసం ఆగిన ఓడలు, పదకొండు.

నూకరత్నం తాత ఎల్లాజీ గుడిసె నీడలో వల బాగుచేస్తున్నాడు. ఆయన కోడలు లక్ష్మి, పిల్ల తల్లి, నెత్తళ్లు తిరగేస్తోంది. నూకరత్నం నన్ను చూసి ఎవరో అర్థమై, లేచి వెళ్లి తెప్ప మీద కూర్చుంది.

"కూకోండమ్మా. అదలాగే సేత్తాది" అంది లక్ష్మి. "అన్నం తిన్నాక మాట్టాడుదురు."

నెత్తళ్ల ఇగురూ అన్నం పెట్టింది. ముల్లు తీయాలా అని అడిగాను. "ఓలమ్మ, నెత్తళ్లకి ముల్లు తీత్తారేటి!" అని పక్కింటివాళ్లకు వినబడేలా అంది. అలాగే తిన్నాను.

"మీకాడ నీల్లెంత లోతు తల్లీ?" అడిగాడు ఎల్లాజీ.

"మా వీధిలో వేసిన బోరు ఆరు వందల ఇరవై అడుగులు. నీళ్లు పడలేదు."

తెప్ప మీద నుంచి మాట వచ్చింది. "ఆరు వందల ఇరవై అడుగులు తవ్వినా నేవా?"

"లేవు."

కాసేపు వేళ్లతో లెక్కపెట్టుకుంది. "నా బారకి నూట నలబై మూడు. అంత లోతు మా నాన్న కూడా ఎల్లడు."

నేను లేచి తెప్ప దగ్గరకు వెళ్లాను. ఈ పిల్లతో ఏం అనాలో రైలెక్కినప్పటి నుంచి ఎన్నో రకాలుగా అనుకున్నాను గానీ, నోటికి వచ్చింది ఇది.

"నీ కథలో పిల్ల తప్పు చేయలేదు. తను తప్పు చేసినట్టు నేనే మార్చేశాను. ముందే తెలిసి ఉంటే బాగుండేది. ఈ పొద్దు తగరపువలసలో తెలిసింది."

"నాను ఇరవయ్యే కొలిసినాను" అంది. "తాత ఇరవై అన్నాడు, నాను ఇరవై కొలిసినాను. నాన్న తిట్టనేదు. తాత నవ్వి, సేతులు సాపమన్నాడు. నా పక్కన ఆయన సాపినాడు. 'సంద్రం నాకు ఇరవై, నీకు ఇరవయ్యారు' అన్నాడు. మీరు అదే తీసేసినారు."

"ముప్పై మూడో పేజీ అయింది."

"అయితే ఏటి?"

సంచిలోంచి నీలం తాడు తీశాను. ఇదీ నేను చేసిన ఇరవై బారలు, అన్నాను. ఎల్లాజీ అందుకుని, ఛాతీ మీదుగా చాపి కొలవడం మొదలుపెట్టాడు. మొదటిదాన్ని ఒకటి అనకుండా "లాభం" అన్నాడు. మా వైపు కల్లంలో గింజలు కొలిచేటప్పుడు అనే మాట. సముద్రం ఒడ్డున వింటాననుకోలేదు. ఇరవై దాటి, ఇరవై ఒకటి దగ్గర ఇంకాస్త తాడు మిగిలింది.

"పెద్దదైపోనాది" అన్నాడు. "ఈ లెక్కన తాడు కొసకి కట్టిన రాయి అడుగున బండల్లో ఇరుక్కుంటాది."

లక్ష్మి లోపలి నుంచి అసలు తాడు తెచ్చింది. కథలో తాడు అదే. నా దగ్గరున్న టేపు పెట్టాను. ఎల్లాజీ బార అరవై ఎనిమిది అంగుళాలు. నూకరత్నం బార యాభై రెండు. తాత ఇరవై, పదమూడు వందల అరవై అంగుళాలు. మనవరాలి ఇరవయ్యారు, పదమూడు వందల యాభై రెండు. తేడా ఎనిమిది అంగుళాలు.

"ఇరవయ్యారు, పైన జానెడు" అంది నూకరత్నం. "జానెడు రాయనేదు. కథ కదా."

"మీరు కొలవండి" అని తాడు నా చేతిలో పెట్టింది.

ఇసుకలో నిలబడి కొలవడం మొదలుపెట్టాను. తడిసిన తాడు బరువుగా ఉంది. పదిహేడు దగ్గర అల వచ్చి చీర మోకాళ్ల దాకా తడిపింది. పదిహేడా, పద్దెనిమిదా? ముప్పై ఏడేళ్లుగా కాగితాలు లెక్కపెట్టినదాన్ని, తాడు పట్టుకుని నిలబడిపోయాను.

"మరిసిపోనారా!" నూకరత్నం తెప్ప మీంచి దూకింది. "అమ్మా, లెక్కల మేడమ్ లెక్క మరిసిపోనాది!"

మొదటిసారి నవ్వింది. మళ్లీ మొదటి నుంచి కొలిచాను, అల్లంత దూరం జరిగి. ఇరవై రెండు బారలు, పైన మూర.

"కథ ఇస్తావా?"

"రేప్పొద్దున సెప్తాను" అంది.

భీమిలి చేపల బజారు

ఆ రాత్రి భీమిలిలో ఒక గదిలో ఉన్నాను. పొద్దున లక్ష్మి గంపతో చేపల బజారుకొచ్చింది. వెనకాల నూకరత్నం, చంకలో నోటుబుక్కు. నోటుబుక్కు చూడగానే నాకు సగం జవాబు దొరికింది.

కొత్త పేజీ తీసి చూపించింది. మొదటి వాక్యం: "ఒక లెక్కల మేడమ్ సముద్రాన్ని కొలవడానికి వచ్చి పదిహేడు దగ్గర తడిసిపోయింది."

"తడిసింది నేనా, లెక్కా?" అని అడిగాను.

"అయిపోయింది అన్నాక అడగాలి. ఇంకా అవ్వనేదు." సత్యవతి టీచర్ పద్ధతి.

పాత కథ గురించి మూడు షరతులు పెట్టింది. బారలు బారలుగానే ఉండాలి. చేతులు చాపిన పేజీ ఉండాలి. మూడోది, పుస్తకంతో తాడు ఇవ్వాలి.

"తాడా?"

"సదివినోలు కొలుసుకోవాలి కదా. తాత ఇరవై బారలు ఆళ్లకెన్నో ఎలా తెలుత్తాది?"

అక్కడే గంప అంచు మీద కాగితం పెట్టి లెక్క వేశాను. వెయ్యి పుస్తకాలకు తాత కొలతన ముప్పై నాలుగున్నర కిలోమీటర్ల తాడు. దాదాపు పెందుర్తి నుంచి ఇక్కడిదాకా పరచొచ్చు. ఆ మాట చెబితే లక్ష్మి చేప తోమడం ఆపి, "మరి సరిపోద్దిలే, తాడట్టుకుని నడిసెల్లొచ్చు, బస్సు ఛార్జీ మిగులుద్ది" అంది.

"ఒక్క బార చాలదా?" అన్నాను. "నీ బార. యాభై రెండు అంగుళాలు. పుస్తకానికి పిన్ను కొట్టే బదులు దారంతో కుట్టిస్తాను. కుట్టాక మిగిలిన దారం నీ బారంత వదిలేస్తాం. చదివే పిల్లలు దాన్ని చాపి చూసుకుంటారు."

నూకరత్నం రెండు చేతులూ చాపి, వాటి మధ్య ఖాళీని కాసేపు చూసుకుంది. పక్కనున్న చేపల బుట్ట పడిపోబోతే లక్ష్మి పట్టుకుంది.

"నీలం దారం" అంది.

తిరుగు రైలు

ఎక్కే ముందు బీచిలో ముప్పై రూపాయలకు మురీ మిక్చర్ కొనుక్కున్నాను. మా బొరుగుల్లాంటివే, నిమ్మకాయ మాత్రం ధారాళంగా పిండుతారు. రైల్లో ముప్పై మూడో పేజీ సంగతి తేల్చుకున్నాను. ప్రతి పుస్తకం చివరా మా మిగతా ఏడు పుస్తకాల పేర్లు వేసే పేజీ ఉంటుంది. దాన్ని తీసేస్తే చాలు. ఇన్నాళ్లూ ఆ పేజీని తీయొచ్చని నాకు తోచలేదు. అది మాది కాబట్టి కాబోలు.

బైండింగు చేసే అక్క మొదట ఒప్పుకోలేదు. వెయ్యి పుస్తకాలు చేత్తో కుట్టాలంటే మాటలా అంది. కథ చదివి వినిపించాను. చేతులు చాపే పేజీ దగ్గర తనూ చాపి చూసుకుంది. ఆ తర్వాత దారం ఏ రంగని అడిగింది. పదమూడు వందల ఇరవై మీటర్ల నీలం దారం పట్టింది, కుట్లకు కాక.

పుస్తకాలు పల్లెకు చేరేసరికి అయిదు నెలలైంది. చేరిన రోజే నూకరత్నం ఫోన్ చేసింది.

"మేడమ్, దారం తప్పు. నా బార కన్నా పొట్టిగున్నాది."

"ఎంత?"

"అంగుళం."

ఫోన్ పట్టుకునే గోడౌన్‌లోకి పరిగెత్తాను. కట్టలోంచి ఒక పుస్తకం లాగి టేపు పెట్టాను. యాభై రెండు. ఇంకోటి. యాభై రెండు. మూడోది కూడా చూశాను. అప్పుడు తెలిసింది.

"దారం సరిగ్గానే ఉంది నూకరత్నం. నువ్వు పెరిగావు."

అంటూనే పెన్ను తీసి తాత ఇరవై బారల అంగుళాలను యాభై మూడుతో భాగించాను. ఇరవై అయిదు బారలు, పైన ముప్పై అయిదు అంగుళాలు. చెప్పబోతుంటే, నూకరత్నం ఫోన్ పక్కన పెట్టేసి అరుస్తూ పరిగెత్తడం వినబడింది.

"తాతా! నాను పెరిగిపోనాను! ఇరవయ్యారు పట్టదింక!"

దూరం నుంచి ఎల్లాజీ గొంతు వచ్చింది.

"అయితే నీకు సంద్రం తగ్గినాదే గుంటా!"